గుండె ఆపరేషన్‌కి మందుల షాపు సామాను: ఏది కొనాలి, ఏది దండగ

బైపాస్‌కో వాల్వు మార్పిడికో తేదీ ఖాయమైతే ఇంటివాళ్ళు ముందు రక్తదాతల కోసం తిరుగుతారు, ఆ వెంటనే మందుల షాపుకి పోతారు. తిరుపతిలో స్విమ్స్, రుయా ఆసుపత్రుల చుట్టుపక్కల షాపుల్లో ఇది రోజూ కనిపించేదే. మదనపల్లె, పుంగనూరు, పలమనేరు, శ్రీకాళహస్తి నుంచి వచ్చినవాళ్ళు ఎవరో చెప్పారని, షాపులో చూపించారని సంచి నిండా కొంటారు: సబ్బు నీళ్ళు, ఆయింట్‌మెంట్లు, పౌడర్లు, ఛాతీ బెల్టు, వాటర్‌ప్రూఫ్ ప్లాస్టర్లు, ప్రొటీన్ డబ్బా. ఆ సంచిలోంచి ఒక్కొక్కటీ తీసి, గాయానికి చీము పట్టకుండా ఆపడంలో దేనికి ఎంత పని ఉందో ఇక్కడ చూద్దాం.

ముందే ఒక మాట. ఆ సంచిలో బాగా పనికొచ్చేవి చవకవి. అవి ఆపరేషన్‌కి ముందు వాడాల్సినవి. ఖరీదైనవి చాలావరకు ఆపరేషన్ తర్వాత భయంతో కొనేవి.

ఎందుకంటే గాయంలోకి చేరే సూక్ష్మజీవి ఎక్కువసార్లు పేషెంటుతోపాటే ఆసుపత్రికి వస్తుంది. స్టాఫిలోకాకస్ ఆరియస్ అనే బాక్టీరియా దాదాపు నలుగురిలో ఒకరి ముక్కు రంధ్రాల ముందు భాగంలో ఏ జబ్బూ చెయ్యకుండా ఉంటుంది. దాని తమ్ముడు ఎపిడెర్మిడిస్ అందరి చర్మం మీదా ఉంటాడు. ముక్కులో వేలు పెడతాం, ఆ చేత్తోనే ఛాతీ గోక్కుంటాం. ఛాతీ మధ్య ఎముకను నిలువునా కోసి, పనయ్యాక స్టీలు తీగలతో బిగించినప్పుడు అదే బాక్టీరియాకి ఎముక మీదా తీగల మీదా చోటు దొరుకుతుంది. బైపాస్ కోసం కాలి నుంచి సిర తీసిన చోట ఇంకో కథ: గజ్జల దగ్గరుండే ఇ.కొలై, క్లెబ్సియెల్లా వంటి బాక్టీరియా అక్కడికి సులభంగా చేరతాయి.

పైపైన చర్మానికి చీము పట్టడం ఒక ఎత్తు, ఎముక దాకా, దాని వెనకున్న మీడియాస్టైనమ్ (గుండె ఉండే చోటు) దాకా పోవడం ఇంకో ఎత్తు. లోతుకు పోయే రకం నూటికి ఒకరిద్దరిలోనే వస్తుంది. వస్తే మాత్రం మళ్ళీ థియేటర్, తీగలు విప్పడం, చచ్చిన ఎముక తీసెయ్యడం, ఛాతీ కండరాన్ని తిప్పి గుంతను కప్పడం, వారాల తరబడి నరానికి ఇంజెక్షన్లు. ప్రాణం మీదికి వచ్చే సంగతి. షుగరు అదుపులో లేనివాళ్ళకి, బాగా లావుగా ఉన్నవాళ్ళకి, బీడీ సిగరెట్టు మాననివాళ్ళకి, బైపాస్‌కి ఛాతీలోని రెండు మామరీ ధమనులనూ వాడాల్సి వచ్చినవాళ్ళకి ఈ ప్రమాదం ఎక్కువ.

క్లోర్‌హెక్సిడిన్ స్నానపు ద్రావణం: కొనండి, కానీ లేబుల్ చదివి

షాపులో "గుండె ఆపరేషన్‌కి ముందు స్నానం చేసే మందు" అని అడిగితే చేతికి ఏదైనా రావచ్చు. మీకు కావాల్సింది 4 శాతం క్లోర్‌హెక్సిడిన్ గ్లూకోనేట్ ఉన్న, నురగ వచ్చే సర్జికల్ స్క్రబ్. డాక్టర్లు థియేటర్లోకి పోయే ముందు చేతులు కడుక్కునేది కూడా ఈ రకమే. బ్రాండు ఏదైనా ఫరవాలేదు, అంకె ముఖ్యం.

ఆ అంకె దగ్గరే జనం తికమకపడతారు. సీసా తిప్పి చూస్తే చిన్న అక్షరాల్లో "క్లోర్‌హెక్సిడిన్ గ్లూకోనేట్ సొల్యూషన్ ఐ.పి. 20% వి/వి" అని, దాని కిందే "4% డబ్ల్యు/వికి సమానం" అని ఉంటుంది. రెండూ ఒకే సంగతి. కంపెనీకి ముడిసరుకే 20 శాతం ద్రావణంగా వస్తుంది. దాన్ని అయిదో వంతు కలిపితే సీసాలో అసలు మందు 4 శాతం అవుతుంది. 20 అనే అంకె చూసి ఘాటుగా ఉంటుందని బకెట్ నీళ్ళలో రెండు మూతలు కలిపి పోసుకునేవాళ్ళున్నారు. అలా చేస్తే మందు వాడనట్టే. దీన్ని తడి ఒంటి మీద నేరుగా రాయాలి.

ఇలాగే ఇంకో సీసా మీద 2.5% వి/వి అని ఉంటుంది. అది స్పిరిట్‌లో 0.5 శాతం క్లోర్‌హెక్సిడిన్ కలిపిన చేతుల రబ్. స్నానానికి కాదు. పైగా మంటంటుకునే సరుకు, పొయ్యి దగ్గర పెట్టకూడదు. సావ్లాన్ లిక్విడ్‌లో క్లోర్‌హెక్సిడిన్ ఉన్న మాట నిజమే, కానీ సీసాలో ఉండేది 0.3 శాతం, దానికి తోడు సెట్రిమైడ్. దాన్ని మళ్ళీ నీళ్ళలో కలుపుతారు కాబట్టి ఒంటికి తగిలేది ఇంకా తక్కువ. డెటాల్‌లో ఉన్నది క్లోరోక్సిలెనాల్, అది వేరే మందు. ఇంట్లో వాటి ఉపయోగాలు వాటికున్నాయి, ఈ పనికి మాత్రం బదులుగా రావు.

వాడే పద్ధతి లాడ్జి బాత్‌రూమ్‌లోనైనా చెయ్యగలిగినదే. తిరుపతిలో ఆపరేషన్‌కి ముందు రోజు చాలామంది దిగేది సత్రాల్లో, లాడ్జీల్లో. షవర్ లేదని దిగులక్కర్లేదు, బకెట్టూ చెంబూ చాలు. ముందు రోజు రాత్రి ఒకసారి, ఆపరేషన్ రోజు పొద్దున ఒకసారి చెయ్యాలి. కొన్నిచోట్ల అయిదు రోజులు చెయ్యమంటారు, అలా చెబితే అలాగే. 100 మి.లీ. సీసా కొంటే పూటకు సగం చొప్పున రెండు స్నానాలకు సరిపోతుంది. తల పొట్టిగా కత్తిరించి ఉన్నా, జడ పొడుగ్గా ఉన్నా తల మామూలు షాంపూతోనే కడగాలి, ముఖం మామూలు సబ్బుతోనే. తర్వాత ఒళ్ళంతా నీళ్ళు బాగా పోసుకుని ఆ సబ్బు, షాంపూ జిగురు పూర్తిగా పోగొట్టాలి. ఇక్కడే ఎక్కువమంది తప్పు చేస్తారు. మామూలు సబ్బు అవశేషం క్లోర్‌హెక్సిడిన్‌ని పట్టుకుని పనికిరాకుండా చేస్తుంది. రెండిటి విద్యుత్ ఆవేశాలు ఎదురెదురు, కలవగానే ఒకదాన్నొకటి ఆపేస్తాయి.

ఆ తర్వాత నీళ్ళు ఆపి, ఉతికిన మెత్తటి గుడ్డతో మెడ కింద నుంచి మొదలుపెట్టాలి. ఛాతీ మధ్య గీత, చంకలు, రొమ్ముల కింద మడత, బొడ్డు, గజ్జల పైచర్మం, రెండు కాళ్ళూ తొడ నుంచి చీలమండ దాకా. ఏ కాలి నుంచి సిర తీస్తారో ముందు తెలియదు, కాబట్టి రెండూ. మర్మాంగాల లోపల, కళ్ళలో, చెవుల్లో, పుండ్ల మీద తగలకూడదు. కళ్ళలో పడితే కంటిపొరను దెబ్బతీస్తుంది, కర్ణభేరికి చిల్లు ఉన్నవాళ్ళ చెవిలో పడితే వినికిడికే ముప్పు. గట్టిగా రుద్దనక్కర్లేదు. రాసి కనీసం రెండు నిమిషాలు ఉంచి నీళ్ళు పోసుకోవాలి. ఉతికిన తువ్వాలు, ఉతికిన బట్టలు, ఉతికిన దుప్పటి.

తర్వాత ఒంటికి ఇంకేమీ పూయకూడదు. కొబ్బరినూనె, పౌడరు, లోషన్, గంధం ఏవీ వద్దు. ముత్తయిదువులు పొద్దున్నే కాళ్ళకు పసుపు రాసుకోవడం మన ఇళ్ళల్లో అలవాటు. ఆ ఒక్క రోజు మానాలి, ఎందుకంటే సిర తీసేది ఆ కాళ్ళలోంచే. మెట్టెలు, కాళ్ళ పట్టీలు ఇంట్లోనే తీసిపెట్టి రావడం మేలు. నుదుటి మీద తిలకంతో ఇబ్బంది లేదు. ఛాతీకీ భుజాలకీ విభూతి రేఖలు, తిరునామాలు మాత్రం ఆ పొద్దు వద్దు.

ఒక చిన్న హెచ్చరిక: ఈ మందు తగిలిన తువ్వాలును బ్లీచింగ్ పౌడర్‌తో ఉతికితే గోధుమ రంగు మరకలు పడి వదలవు. పెద్ద హెచ్చరిక: అరుదుగా కొందరికి క్లోర్‌హెక్సిడిన్‌కి తీవ్రమైన అలర్జీ వస్తుంది. ఒంటి నిండా దద్దుర్లు, పెదాలు ఉబ్బడం, ఊపిరి అందకపోవడం కనిపిస్తే వెంటనే కడిగేసి ఎమర్జెన్సీకి పోవాలి. ఆ సంగతి ఆపరేషన్ టీమ్‌కి తప్పకుండా చెప్పాలి. థియేటర్లో చర్మానికి రాసేదీ, కొన్ని సెంట్రల్ లైన్ల (పెద్ద సిరలోకి పెట్టే సన్నటి గొట్టాల) మీద పూత ఉండేదీ ఇదే మందు.

ఇక దీని మహిమ ఎంత? ఉన్నదున్నట్టు చెప్పాలంటే, ఎవరికైనా సరే ఈ స్నానం ఒక్కటే మామూలు సబ్బు స్నానం కంటే చాలా గొప్పదని తేలలేదు. 2016లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇచ్చిన మార్గదర్శకాలు కూడా ఆపరేషన్‌కి ముందు స్నానం మంచి పద్ధతి అని, మామూలు సబ్బైనా సరేనని చెప్పాయి. అసలు బలం దీన్ని కింద చెప్పిన ముక్కు మందుతో కలిపి, ముక్కులో ఆరియస్ ఉన్నట్టు తేలినవాళ్ళకి వాడినప్పుడు కనిపించింది. 2010లో నెదర్లాండ్స్‌లో చేసిన పరిశోధనలో అలాంటివాళ్ళకి ఈ రెండూ ఇస్తే ఆసుపత్రిలో వచ్చే ఆరియస్ ఇన్‌ఫెక్షన్లు 7.7 శాతం నుంచి 3.4 శాతానికి దిగాయి. ఇంత చవక సీసాకి, ఇంత చిన్న ట్యూబుకి అది పెద్ద పని.

ముపిరోసిన్ ముక్కు ఆయింట్‌మెంట్: పరీక్ష చేయించాకే

గుండె ఆపరేషన్ పేషెంట్లలో ముక్కులో ఆరియస్ ఉందని తెలిసినవాళ్ళకి 2 శాతం ముపిరోసిన్ వాడమని ప్రపంచ ఆరోగ్య సంస్థ గట్టిగానే సిఫార్సు చేసింది. "తెలిసినవాళ్ళకి" అన్న మాట కీలకం. ముక్కు రంధ్రంలో దూది పుల్ల తిప్పి తీసే స్వాబ్ పరీక్షకి నొప్పి ఉండదు. మామూలు కల్చర్ (బాక్టీరియాని పెంచి చూసే పరీక్ష) అయితే రిపోర్టుకి ఒకటి రెండు రోజులు పడుతుంది. ఆపరేషన్‌కి వారం పది రోజుల ముందు ఓపీలోనే "ముక్కు స్వాబ్ తీస్తారా" అని అడగండి, ఎం.ఆర్.ఎస్.ఏ. (మామూలు యాంటీబయాటిక్‌లకి లొంగని ఆరియస్ రకం) కూడా చూడమనండి. అది ఉందని తేలితే ముక్కు మందుతో పని అయిపోదు. ఆపరేషన్ బల్ల మీద ఇచ్చే యాంటీబయాటిక్ కూడా మారుతుంది: సెఫజోలిన్ రకానికి తోడు వాంకోమైసిన్ కలుపుతారు. వాంకోమైసిన్ నెమ్మదిగా ఎక్కించాల్సిన మందు, కోతకి గంట రెండు గంటల ముందే మొదలుపెట్టాలి. కాబట్టి ఆ రిపోర్టు ఫైల్లో పైన కనబడేలా ఉండాలి.

మన షాపుల్లో ఎక్కువగా దొరికే టీ-బ్యాక్ట్ వంటి ట్యూబులు చర్మం కోసం పాలీఇథిలీన్ గ్లైకాల్ బేసులో చేసినవి. ముక్కు లోపలి పొరకి ఆ బేసు కాస్త మంట పుట్టిస్తుంది. ముక్కు కోసమే మెత్తని పారఫిన్ బేసులో చేసే రకం వేరే ఉంది. షాపువాళ్ళని ముందు అది అడగండి. దొరకకపోతే చర్మం ట్యూబునే ముక్కుకి వాడొచ్చా అని మందు రాసిన డాక్టరునే అడగాలి, షాపులో తేల్చుకునే సంగతి కాదు.

మోతాదు పూటకు ఒక్కో రంధ్రానికి అగ్గిపుల్ల తలంత, రోజుకు రెండుసార్లు, అయిదు రోజులు. చేతులు కడుక్కుని, దూది పుల్ల కొనకు తీసుకుని రంధ్రం ముందు భాగం లోపలి గోడకి రాయాలి. పైదాకా పొడవక్కర్లేదు. తర్వాత ముక్కు రెక్కలు రెండూ వేళ్ళతో నొక్కి ఒక నిమిషం మెల్లగా మర్దన చేస్తే మందు అంతటా పరుచుకుంటుంది. గొంతులో మందు రుచి తగిలితే ఎక్కువ పెట్టారన్నమాట. ఒకే ట్యూబును ఇంట్లో ఇద్దరు వాడకూడదు. ఆపరేషన్ అయిపోయాక మిగిలిందని మొటిమలకీ గాయాలకీ రాయడం, పక్కింటివాళ్ళకి ఇవ్వడం వద్దే వద్దు. ఈ మందుకి లొంగని బాక్టీరియా తయారయ్యేది ఇలాంటి వాడకంతోనే.

అత్యవసరంగా ఆపరేషన్ చెయ్యాల్సి వస్తే అయిదు రోజులు ఆగే పని లేదు. అప్పుడు ముందు మొదలుపెట్టి, అయ్యాక మిగతా రోజులు పూర్తి చేస్తారు.

వెంట్రుకలు: రేజరు కొనకండి

ఈ వస్తువుకి సున్నా మార్కులు. ముందు రోజు రాత్రి మంగలిని పిలిపించి ఛాతీ నున్నగా గీయించుకుని రావడం కొందరు మర్యాదగా భావిస్తారు. బ్లేడు వెళ్ళిన చోటల్లా కంటికి కనపడని గాట్లు పడతాయి. రాత్రంతా ఆ గాట్లలో బాక్టీరియా పెరుగుతుంది, పొద్దున ఆ చర్మం మీదే కోత పడుతుంది. వెంట్రుకలు అడ్డమైతే ఆసుపత్రిలోనే ఎలక్ట్రిక్ క్లిప్పర్‌తో, ఆపరేషన్‌కి కాస్త ముందు, కోత పడే మేరకే తీస్తారు. ఇంట్లో ట్రిమ్మర్ ఉన్నా మీరు ప్రయత్నించకండి.

తిరుపతి కదా, తలనీలాల మొక్కు మాట వస్తుంది. ఆపరేషన్‌కి ముందు మొక్కు తీర్చుకోవాలనుకుంటే కొన్ని వారాల ముందే తీర్చుకోండి. ఛాతీకీ కాళ్ళకీ కత్తి తగలనివ్వకండి. వాల్వు పడ్డాక అయితే అసిట్రోమ్ వంటి రక్తం పల్చబరిచే మందు మీద ఉంటారు, చిన్న గాటుకే రక్తం ఆగదు. తలనీలాలు ఎప్పుడు ఇవ్వచ్చో సర్జన్‌ని అడిగి, ఐ.ఎన్.ఆర్. (రక్తం ఎంత పల్చబడిందో చెప్పే పరీక్ష) చూసుకుని వెళ్ళండి. అలిపిరి నుంచి 3,550 మెట్లు ఎక్కి పోయే ఆలోచన ఎముక అతికేదాకా రానివ్వకండి. అతుకు గట్టిపడడానికి మామూలుగా ఆరు నుంచి పన్నెండు వారాలు పడుతుంది.

నోటి మందు, మూడు బంతుల స్పైరోమీటర్

0.2 శాతం క్లోర్‌హెక్సిడిన్ మౌత్‌వాష్, హెక్సిడిన్ లాంటిది, మంచి కొనుగోలు. వెంటిలేటర్ మీద ఉన్నప్పుడు నోటి బాక్టీరియా ఊపిరితిత్తుల్లోకి జారి న్యుమోనియా రావడం గుండె ఆపరేషన్ల తర్వాత కొత్తేమీ కాదు. డాక్టరు చెబితే ముందు రోజుల్లో 10 మి.లీ. తీసుకుని అర నిమిషం నుంచి నిమిషం దాకా పుక్కిలించి ఉమ్మెయ్యాలి, మింగకూడదు. పళ్ళు తోమిన వెంటనే వాడితే పేస్టులోని నురగ పదార్థం దీని పని చెడగొడుతుంది, అరగంట ఆగాలి. ఎక్కువ రోజులు వాడితే పళ్ళకి గోధుమ మరకలు వస్తాయి, అందుకే నెలల తరబడి వద్దు.

ఊపిరి వ్యాయామానికి వాడే, బంతులు పైకి లేపే స్పైరోమీటర్ గొట్టంలోకి ఊదుతారు చాలామంది. పీల్చాలి. మెల్లగా పీల్చి, బంతి పైన నిలిచినంతసేపు నిలిపి వదలాలి. మెలకువగా ఉన్నప్పుడు గంటకి పదిసార్లు. నోట్లో పెట్టుకునే భాగాన్ని రోజూ కడిగి ఆరబెట్టాలి, పక్క బెడ్డువాళ్ళకి ఇవ్వకూడదు. చవక సరుకు, దీన్ని ఎవరిది వాళ్ళే కొనుక్కోవాలి.

ఆపరేషన్ తర్వాతి సామాను: ఇక్కడ డబ్బు ఎక్కువ పోతుంది

థియేటర్లో వేసిన కట్టు సాధారణంగా 48 గంటలు కదలకుండా ఉండాలి. ఈలోపు గాయం అంచులు పైన అతుక్కుంటాయి. ఆ తర్వాత పొడిగా, మూసుకుని ఉన్న కోతకి ఏమీ వెయ్యకపోయినా నడుస్తుంది. బట్ట రాపిడికి అడ్డంగా ఒక పల్చటి గాజ్ గుడ్డ, మైక్రోపోర్ (కాగితం లాంటి ప్లాస్టర్) చాలు. షాపులో వాటర్‌ప్రూఫ్ ప్లాస్టిక్ డ్రెస్సింగ్ గొప్పగా చూపిస్తారు. రోహిణి కార్తె ఎండలో, ఫ్యాను కింద కూడా చెమట పట్టే మన ఊళ్ళో అది ఛాతీ మీద ఆవిరి తెర అవుతుంది. లోపల చర్మం తడిసి నానిపోతుంది. స్నానం వేళకి మాత్రం కప్పుకుని, వెంటనే తీసేస్తే సరే. సిల్వర్ డ్రెస్సింగులూ, గాయం మీద గాలి లాగే వాక్యూమ్ పరికరాలూ లావుపాటి పేషెంట్లకి, షుగరు ఎక్కువున్నవాళ్ళకి సర్జన్ ఎంచి వేస్తే ఒక అర్థం ఉంది. అందరూ కొనేవి కావు.

నియోస్పోరిన్ పౌడరు గాయం మీద చల్లడం మానండి. ఊరే నీటితో కలిసి పెచ్చు కడుతుంది, పెచ్చు కింద చీము ఉన్నా కనపడదు. పైగా నియోమైసిన్ కొందరి చర్మానికి పడక ఎర్రగా దురద వస్తుంది, దాన్ని చూసి ఇన్‌ఫెక్షన్ అనుకుని ఇంకా పౌడరు చల్లుతారు. మూసుకున్న కోతకి రోజూ బీటాడిన్ పూయాల్సిన పని కూడా లేదు. ఎర్రటి గోధుమ రంగు కప్పేస్తే అసలు ఎర్రదనం ఎక్కడుందో మీకూ తెలియదు, డాక్టరుకీ తెలియదు. పసుపు, వేపాకు ముద్ద, కొబ్బరినూనె, విభూతి ఏవీ కోత మీద వద్దు. పెద్దవాళ్ళు ప్రేమతోనే తెస్తారు, నుదుటికి పెట్టించుకుని సరిపెట్టండి.

దూది రోల్ సంగతి చాలామందికి తెలియదు. షాపులో నీలం కాగితంలో చుట్టి ఇచ్చే కాటన్ రోల్ స్టెరైల్ సరుకు కాదు. గాయాన్ని తాకేది విడివిడిగా సీలు చేసిన, "స్టెరైల్" అని రాసి ఉన్న గాజ్ గుడ్డ ప్యాకెట్ అవ్వాలి. ప్యాకెట్ చింపాక మిగిలిన ముక్కలు రేపటికి దాచకూడదు.

ఛాతీ బెల్టులకి వద్దాం. దగ్గు ఎక్కువున్నవాళ్ళకి, లావుగా ఉన్నవాళ్ళకి, బీడీ తాగి ఊపిరితిత్తులు పాడైనవాళ్ళకి స్టెర్నల్ సపోర్ట్ వెస్ట్ వల్ల ఎముక కదలిక తగ్గుతుంది. ఎముక కదిలితే తీగ కోస్తుంది, కోసిన చోట బాక్టీరియా దూరుతుంది. కానీ ఆ పేరుతో షాపులో ఇచ్చేది చాలాసార్లు ప్రసవం తర్వాత వాడే పొట్ట బెల్టే. దాన్ని ఛాతీకి బిగిస్తే ఊపిరి పూర్తిగా అందదు, అడుగున కఫం చేరుతుంది. సైజు కొలిచి, ముందు పిడులు పట్టుకుని బిగించేలా ఉన్నదే తీసుకోండి, లేదా మడిచిన దిండు గుండెకి హత్తుకుని దగ్గండి. దిండుకి ఖర్చు లేదు. ఆడవాళ్ళకి ఒక ముఖ్యమైన మాట: రొమ్ముల బరువు కోత కింది కొసని రెండు పక్కలకీ లాగుతుంది. ఊట మొదలయ్యేదీ, విచ్చుకునేదీ ఎక్కువగా ఆ కింది కొసే. కాబట్టి తీగలు లేని, ముందు హుక్కులున్న మెత్తటి కాటన్ బ్రా రాత్రింబవళ్ళు వేసుకోవాలి. దీన్ని అడగడానికి సిగ్గుపడి ఊరుకునేవాళ్ళు ఎక్కువ, చెప్పేవాళ్ళు తక్కువ.

స్టెరిలియం లాంటి చేతుల రబ్ మంచం పక్కన తప్పక పెట్టండి. ఒక్కోసారికి 3 మి.లీ., అరచేతులు, వేళ్ళ సందులు, బొటనవేళ్ళు, గోళ్ళ కొసలు తడిసేలా అర నిమిషం. చేతికి మట్టి, నూనె కనిపిస్తే ముందు సబ్బే. చూడ్డానికి వచ్చేవాళ్ళ చేతుల్లో పండ్ల కంటే ముందు ఇది పొయ్యండి.

గ్లూకోమీటర్, షుగరు ఉన్నవాళ్ళకి, డ్రెస్సింగుల కంటే విలువైన వస్తువు. ఆపరేషన్ ఒత్తిడికి షుగరు పైకి ఎగబాకుతుంది. 180 దాటి నిలిస్తే తెల్లకణాలు సరిగ్గా పనిచెయ్యవు, గాయం మానదు. ఆసుపత్రిలో కూడా 180 లోపు ఉంచాలనే చూస్తారు. చూడ్డానికి వచ్చినవాళ్ళు తెచ్చే పండ్ల రసం, గ్లూకోజు పొడి ఈ లెక్కని చెడగొడతాయి. ప్రొటీన్ కావాలి, అది గుడ్డు, పప్పు, పెరుగు, చేపల్లో ఉంది. డబ్బా కొనాలనుకుంటే కిడ్నీ రిపోర్టు చూపించి కొనండి.

ఇంటికొచ్చి డ్రెస్సింగ్ చేసే సేవ

తిరుపతి, చిత్తూరు పట్టణాల్లో ఈ సేవ సులభంగానే దొరుకుతుంది. మనిషి మర్యాదగా మాట్లాడాడా అనేదాని కంటే చేతులు చూడండి. గుమ్మం దాటగానే చేతులు కడుక్కున్నాడా? పాత కట్టు విప్పిన గ్లౌజులతోనే కొత్త కట్టు వేస్తున్నాడా, మార్చాడా? ఒకే ఫోర్‌సెప్స్ (పట్టుకారు) బ్యాగులోంచి తీసి స్పిరిట్‌తో తుడిచి వాడుతున్నాడా? కాలి గాయం ముందు తుడిచి అదే గాజ్ గుడ్డతో ఛాతీకి వస్తున్నాడా? ఛాతీ ఎప్పుడూ ముందు, కాలు తర్వాత. తుడవడం కోత మీద నుంచి పక్కకి, ఒక్కో ముక్క ఒక్కసారే. ఇందులో ఏదైనా తప్పితే డబ్బులిచ్చి పంపించి, రేపటి నుంచి వద్దని చెప్పండి. పొడిగా ఉన్న గాయానికి రోజూ కట్టు మార్చడానికి ఎవరినీ పిలవనక్కర్లేదు, విప్పిన ప్రతిసారీ కొత్త చేతులు తగులుతాయి.

డిజిటల్ థర్మామీటర్, సంచిలో అన్నిటికంటే చిన్నది

రోజూ సాయంత్రం ఒకే వేళకి చూసి రాసుకోండి. నోట్లో 100.4 ఫారన్‌హీట్ దాటితే జ్వరమే. చంకలో పెడితే కాస్త తక్కువ చూపిస్తుంది. పారాసిటమాల్ వేసుకున్నాక చూస్తే ఏమీ తెలియదు, ముందు చూసి తర్వాత వేసుకోవాలి.

లోతుకి పోయే ఇన్‌ఫెక్షన్ ఎక్కువగా మొదటి రెండు మూడు వారాల్లో, అంటే డిశ్చార్జి అయ్యాక ఇంట్లోనే బయటపడుతుంది. తగ్గుతూ వచ్చిన నొప్పి మళ్ళీ పెరగడం, పక్కకి తిరిగితే ఛాతీ ఎముక టక్కుమనడం, కింది కొస దగ్గర పల్చటి నీరు ఆగకుండా ఊరడం, చలితో జ్వరం: వీటిలో ఏది కనిపించినా ఆపరేషన్ చేసిన విభాగానికే ఆ రోజే వెళ్ళాలి. ఊళ్ళో ఆర్.ఎం.పి. దగ్గర రెండు ఇంజెక్షన్లు వేయించుకుని చూద్దాం అనుకోవడమే మన జిల్లాలో చాలా నష్టం చేస్తోంది. ఇంజెక్షన్ పడగానే జ్వరం దిగుతుంది, చీము లోపలే ఉంటుంది. తర్వాత కల్చర్ పంపితే ఏమీ పెరగదు, ఏ మందు వెయ్యాలో ఎవరికీ తెలియదు. వాల్వు పెట్టించుకున్నవాళ్ళకి ఇది ఇంకా ముఖ్యం. కారణం కనపడని జ్వరం ఏదైనా సరే, యాంటీబయాటిక్ పడకముందే రెండు మూడు విడతల బ్లడ్ కల్చర్ తీయించాలి. కొత్త వాల్వు మీద బాక్టీరియా పేరుకుంటే దాన్ని పట్టుకునే ముఖ్యమైన దారి అదే.

అలాగని "ముందు జాగ్రత్తగా" డిశ్చార్జి తర్వాత మరో వారం సెఫిక్సిమ్ కొనుక్కోవద్దు. నివారణ కోసం ఇచ్చే యాంటీబయాటిక్ పని ఆపరేషన్ తర్వాత ఒకటి రెండు రోజుల్లోనే అయిపోతుంది. ఆ తర్వాత కొన్న ప్రతి స్ట్రిప్పూ లొంగని బాక్టీరియాని పెంచుతుంది, అసిట్రోమ్ వాడేవాళ్ళకి ఐ.ఎన్.ఆర్. కూడా తారుమారు చేస్తుంది.

కృత్రిమ వాల్వు ఉన్నవాళ్ళు జీవితాంతం పర్సులో ఒక చీటీ పెట్టుకోవాలి: వాల్వు పేరు, పెట్టిన తేదీ, పెన్సిలిన్ పడుతుందా లేదా. పన్ను పీకించుకునే ముందు, చిగుళ్ళు శుభ్రం చేయించుకునే ముందు ఆ చీటీ దంతవైద్యుడికి చూపించాలి. నోటి బాక్టీరియా వాల్వు మీద చేరకుండా పెద్దవాళ్ళకి అమోక్సిసిలిన్ 2 గ్రాములు ఒకేసారి, పని మొదలయ్యే అరగంట నుంచి గంట ముందు. పెన్సిలిన్ పడనివాళ్ళకి అజిత్రోమైసిన్ 500 మి.గ్రా. వంటివి డాక్టరు రాస్తారు. రుమాటిక్ జ్వరం వల్ల వాల్వు పాడైనవాళ్ళు మూడు నాలుగు వారాలకోసారి వేయించుకునే బెంజాథిన్ పెన్సిలిన్ ఇంజెక్షన్ వేరు, ఇది వేరు. అది వేయించుకుంటున్నాం కదా అని దీన్ని వదిలెయ్యకూడదు.